నిండింది 75 శాతమే.. అయినా ‘స్టోరేజ్ ఫుల్’!

60 హార్డ్ డిస్కులు. ఒక్కోటి 10 టీబీ. మొత్తం 600 టీబీ. అందులో నిండింది 450. ఇంకా 150 టీబీ ఖాళీ ఉంది కదా, ఆరు నెలల దాకా బెంగ లేదు అనుకుంటాం. కానీ తెల్లవారుజామున మూడింటికి ఫోన్ మోగుతుంది. ‘‘క్లస్టర్ ఫుల్ అంటోంది. కొత్త ఫైల్ ఒక్కటి కూడా సేవ్ కావట్లేదు’’ అని అవతలి గొంతు.

ఇది బగ్ కాదు. హ్యాకింగ్ కాదు. సాఫ్ట్‌వేర్ తన రూల్ ప్రకారం తను కరెక్ట్‌గానే ఆగింది. మీ ఫోన్‌లో ఉండేది ఒకే స్టోరేజ్ చిప్ కాబట్టి ఎంత ఖాళీ చూపిస్తే అంత వాడుకోవచ్చు. వందల డిస్కుల్ని కలిపి ఒకే పెద్ద డిస్క్ లాగా చూపించే చోట కథ వేరు. అక్కడ మొత్తం మీద ఎంత ఖాళీ ఉందో ఎవరికీ అక్కర్లేదు. అందరికంటే ఎక్కువ నిండిన ఆ ఒక్క డిస్క్ ఎక్కడుందన్నదే లెక్క.

నేను చేసే ఉద్యోగం ఇదే. డేటా ఏ డిస్క్ మీద కూర్చోవాలో చూడటం. ఇంట్లో చెప్పడానికి నాలుగేళ్లు పట్టింది.

మాది గంగవరం. అదానీ పోర్టు ఉన్న విశాఖ గంగవరం కాదండీ, పలమనేరు పక్కన ఉండే మా చిత్తూరు జిల్లా గంగవరం. పేరు చెప్పగానే ‘‘ఓ.. సముద్రం పక్కనా’’ అంటారు. మాకు సముద్రం లేదు. టమోటా ఉంది. బెంగళూరు బస్సు ఉంది. మా బ్యాచ్‌లో సగం మంది ఆ బస్సెక్కినవాళ్లమే.

విశాఖ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2025 అక్టోబర్ 14న గూగుల్ అక్కడ ఏఐ హబ్ కోసం అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. మా వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులు అదే చర్చ. ఎన్ని గిగావాట్లు, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఉద్యోగాలు.. అన్నీ మాట్లాడుకున్నాం. అలాంటి బిల్డింగుల లోపల రోజూ నడిచే గొడవ మాత్రం వార్తల్లోకి రాదు. ఏ ముక్క ఏ డిస్క్‌లో ఉండాలి అనే గొడవ.

చిట్టా లేని ఊరు

పాత పద్ధతిలో అయితే ఒక పెద్ద చిట్టా ఉండేది. ఫలానా ఫైల్ ఫలానా డిస్క్‌లో ఉందని రాసి పెట్టుకోవడం, ఎవరడిగినా అందులో చూసి చెప్పడం. ఊళ్లో కరణం దగ్గర భూముల లెక్క ఉన్నట్టు. ఫైళ్లు కోట్లలోకి వెళ్లాక కరణం ఇంటి ముందు క్యూ పెరుగుతుంది. కరణానికి జ్వరమొస్తే ఊరంతా ఆగుతుంది.

2006లో అమెరికాలోని శాంతాక్రజ్‌లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో సేజ్ వైల్ అనే పీహెచ్‌డీ విద్యార్థి, ఆయన గురువులు కలిసి ‘క్రష్’ అనే పద్ధతి ప్రచురించారు. చిట్టానే అక్కర్లేదన్నారు. ఫైల్ పేరు, డిస్కుల మ్యాప్ ఉంటే చాలు, ఎవరికి వాళ్లు లెక్క వేసుకుని అది ఎక్కడుందో కనుక్కోవచ్చు. దాని మీద కట్టిందే ‘సెఫ్’ అనే ఓపెన్ సోర్స్ స్టోరేజ్. స్విట్జర్లాండ్‌లో కణాల్ని ఢీకొట్టే సెర్న్ ల్యాబ్ 2013 నుంచి దీన్ని వాడుతోంది. నేను పనిచేసేదీ దీని మీదే.

లెక్క ఎలా పనిచేస్తుందంటే.. ఫైల్‌ని 4 ఎంబీ ముక్కలుగా కోస్తారు. ఆ ముక్కల్ని పీజీల్లో వేస్తారు. పీజీ అంటే మారతహళ్లిలో మనం ఉండే పీజీ కాదు. ప్లేస్‌మెంట్ గ్రూప్. అయినా పెద్ద తేడా లేదు లెండి, ముక్కలన్నీ అక్కడ గుంపుగా ఉంటాయి, ఖాళీ చేయమంటే గుంపుగానే కదులుతాయి. ఇప్పుడు ఒక్కో పీజీ కోసం డిస్కులన్నీ తలా ఒక పుల్ల తీస్తాయి. ఎవరి పుల్ల పొడుగైతే పీజీ వాళ్లది. పుల్ల పొడుగు అదృష్టం కాదు, పీజీ నంబర్, డిస్క్ నంబర్ కలిపి వేసే హ్యాష్. అందుకే ఎప్పుడు తీసినా, ఎవరు తీసినా అదే పుల్ల వస్తుంది. పెద్ద డిస్క్‌కి పొడుగు పుల్ల వచ్చే అవకాశం ఎక్కువ ఇస్తారు. ఇలా ఒక్కో పీజీకి మూడు డిస్కుల్ని ఎంచుకుంటారు. మూడూ వేరే వేరే ర్యాకుల్లో ఉండాలి. పొలం కాగితాల కాపీలు మూడు తీసి మూడూ ఒకే బీరువాలో పెడితే లాభం ఏముంది?

ఇందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. ఫైల్ నంబర్‌ని డిస్కుల సంఖ్యతో భాగించి శేషం చూసే పద్ధతి మనకి బీటెక్ రెండో ఏడాదిలోనే చెప్తారు. 10 డిస్కులున్నచోట పదకొండోది పెట్టామనుకోండి, ఆ పద్ధతిలో దాదాపు 91 శాతం డేటా చోటు మారాలి. పుల్లల పద్ధతిలో కొత్త డిస్క్ గెలిచిన పీజీలే కదులుతాయి. అంటే 9 శాతం. ఇదే దారిలో 1997లో ఎంఐటీ వాళ్లు ‘కన్సిస్టెంట్ హ్యాషింగ్’ అన్నారు. 2007లో అమెజాన్ ‘డైనమో’ పేపర్‌లో దాన్ని వాడారు. ఆ పేపర్ రాసినవాళ్ల జాబితాలో గుణవర్ధన్ కాకులపాటి అనే పేరు చూసి, కాలేజీ రోజుల్లో ‘మనోళ్లే ఉన్నారురా’ అని స్క్రీన్‌షాట్ పెట్టుకున్నా.

పక్షపాతం లేకపోయినా..

మా చిన్నాయన టమోటా మండీలో పనిచేస్తాడు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఆయనకి ఇదంతా చెప్తే మొదట అడిగిన ప్రశ్న ఇది.

‘‘అయితే ఒకటి నిండిపోయి ఇంగొకటి ఖాళీగా ఎందుకుంటాదిరా? కంప్యూటరే కదా పంచేది?’’

మండీల సంగతి వేరు. రైతు ఎవరి దగ్గర అడ్వాన్సు తీసుకుంటే వాళ్ల మండీకే క్రేట్లు దించుతాడు. అందుకే ఒక మండీ ముందు కాలు పెట్టే సందు ఉండదు, పక్క మండీలో ఈగలు తోలుకుంటుంటారు. కారణం కంటికి కనిపిస్తుంది. హ్యాష్‌కి అడ్వాన్సులు లేవు, చుట్టరికాలు లేవు. అయినా డిస్కులు సమంగా నిండవు.

‘‘సమంగా అవకాశం ఇస్తాది చిన్నాయనా, సమంగా పంచదు’’ అన్నాను. ఆయనకి నచ్చలేదు. మీకైతే లెక్కతో చెప్తా.

పైన చెప్పిన 60 డిస్కుల క్లస్టర్‌లో పీజీలు 2048. మూడు కాపీలు కాబట్టి 6144. డిస్క్‌కి సగటున 102. యాదృచ్ఛికంగా పంచినప్పుడు సగటు వంద ఉంటే, మామూలుగా వచ్చే తేడా దాని వర్గమూలం, అంటే పది. ఎక్కువ డిస్కులు 92కీ 112కీ మధ్య ఉంటాయి. 60 డిస్కుల్లో అదృష్టం మరీ ఎక్కువైన ఒకదానికి 130 దాకా పడతాయి. లేనిదానికి 75 దగ్గర ఆగుతాయి. ఒక్కో పీజీలో 73 జీబీ డేటా ఉందనుకుంటే.. 130 పీజీల డిస్క్ 9.5 టీబీ నిండుతుంది, 95 శాతం. 75 పీజీల డిస్క్ 55 శాతం దగ్గరే ఉంటుంది. రెండింటినీ కలిపి చూసే మేనేజర్‌కి స్క్రీన్ మీద ‘75 శాతం’ అనే కనిపిస్తుంది.

సెఫ్‌లో మామూలుగా మూడు గీతలుంటాయి. 85 దాటితే హెచ్చరిక. 90 దాటితే ఆ డిస్క్ మీదికి వేరే చోటి నుంచి డేటా తరలించడం ఆపేస్తుంది. 95 తాకితే కొత్తగా రాయడమే ఆగిపోతుంది. ఒక్క డిస్క్ తాకినా సరే.

ఒక్కదాని కోసం మిగతా 59 ఎందుకు ఆగాలి అని నేనూ మొదట్లో చిరాకుపడ్డా. కానీ 500 ఎంబీ ఫైల్ ఒకటి తీసుకోండి. 125 ముక్కలు, మూడు కాపీలు, మొత్తం 375. అవి 60 డిస్కుల మీద పడితే డిస్క్‌కి ఆరు. అంటే పెద్ద ఫైల్ ఏది వచ్చినా నిండిన డిస్క్ తలుపు తట్టకుండా పోదు. దాన్ని నూటికి నూరు నిండనిస్తే ఇంకా ప్రమాదం, డిస్క్ మళ్లీ స్టార్ట్ కావడానికి కూడా చోటుండదు. కాబట్టి ఆగడమే మంచిది.

స్కానింగ్ బెంచీ మీద కూర్చున్నవాళ్లు

ఆ మూడు గంటల ఫోన్ వచ్చింది ఒక కంపెనీ నుంచి. పేరు చెప్పను. చిన్న చిన్న ఊళ్లలోని డయాగ్నస్టిక్ సెంటర్లలో తీసే సీటీ, ఎంఆర్ఐ ఇమేజ్‌లు దాచిపెట్టే పని వాళ్లది. స్కాన్ ఒక ఊళ్లో తీస్తారు, డాక్టర్ ఇంకో ఊళ్లో కూర్చుని చూసి రిపోర్ట్ ఇస్తాడు. మధ్యలో ఇమేజ్ ఈ క్లస్టర్ మీద పడాలి. పడట్లేదు. పాతవి తెరుచుకుంటున్నాయి, కొత్తవి సేవ్ కావట్లేదు. రాత్రి యాక్సిడెంట్ కేసు ఒకటి వచ్చిందట, తలకి సీటీ తీశారు, అది సెంటర్‌లోని కంప్యూటర్‌లోనే ఇరుక్కుంది. టెక్నీషియన్ ఎవరో తెలివిగా స్క్రీన్‌ని ఫోన్‌లో ఫొటోలు తీసి డాక్టర్‌కి వాట్సాప్ చేశాడు. ఆ రాత్రి అలా గడిచింది.

అక్కడివాళ్లు అప్పటికే పాత బ్యాకప్‌లు డిలీట్ చేద్దామని చూశారు. ఫుల్ అయిన క్లస్టర్ డిలీట్ చేయాలన్నా మొండికేస్తుంది. నేను చేసింది పెద్ద మంత్రమేం కాదు. 95 గీతని కొద్దిసేపటికి 97కి జరిపాం. ఊపిరి ఆడింది. నిండిన డిస్క్ బరువు కొంచెం తగ్గించాం, దాంతో దాని పుల్ల కాస్త పొట్టిదై కొన్ని పీజీలు వేరే డిస్కులకు వెళ్లడం మొదలుపెట్టాయి. తెల్లారేసరికి స్కాన్లు పడుతున్నాయి. ఇది కట్టు కట్టడమే, వైద్యం కాదు. ఎందుకంటే బయటికెళ్లిన పీజీ మళ్లీ పుల్లల ప్రకారమే ఇంకో డిస్క్‌ని ఎంచుకుంటుంది, అది ఇప్పటికే 92 దగ్గర ఉండొచ్చు.

నిజానికి ఈ సంగతి ముందే తెలిసేది. సెఫ్‌లో మిగిలిన చోటు చూపించే కమాండ్ ఒకటుంది. అది సగటుని నమ్మదు, ముందుగా నిండబోయే డిస్క్‌ని చూసి లెక్క చెప్తుంది. కొద్ది రోజుల ముందు ఆ డిస్క్ 93 దగ్గరున్నప్పుడు మొత్తం మీద 160 టీబీ ఖాళీ. మూడు కాపీలకు భాగిస్తే 53 టీబీ రాయొచ్చు అనుకుంటాం. ఆ కమాండ్ చూపించింది 3 టీబీ చిల్లర. లాగ్స్‌లో ఉంది. గ్రాఫులో పెట్టుకున్నది మాత్రం సగటు. సగటు గ్రాఫు గోడ మీద చూడ్డానికి అందంగానే ఉంటుంది.

సూత్రం ఒకటి, మినహాయింపులు నాలుగు

మరి వైద్యం ఏంటి? 2017లో వచ్చిన ‘లూమినస్’ వెర్షన్‌లో సెఫ్‌కి ‘అప్‌మ్యాప్’ అనే సౌకర్యం వచ్చింది. పుల్లల సూత్రాన్ని అలాగే ఉంచి, పక్కన చిన్న మినహాయింపుల జాబితా రాసుకుంటారు. ‘ఈ పీజీ లెక్క ప్రకారం 17వ డిస్క్‌కి పోవాలి, కానీ 42కి పంపండి’ అని. వేల పీజీల్లో కొన్నింటికే. చిట్టా వద్దని మొదలుపెట్టి మళ్లీ చిట్టా రాశారా అని నవ్వొచ్చు. కానీ ఇది ఊరంతటి చిట్టా కాదు, గోడకి అంటించుకునే చీటీ అంత. ఆ చీటీ రాసే ప్రోగ్రామ్ పేరు బ్యాలెన్సర్. కొత్త వెర్షన్లలో అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది.

ఆ కంపెనీలోనూ ఆన్‌లోనే ఉంది. పని మాత్రం చేయట్లేదు!

కారణం ఒక మూలన పడున్న పాత సర్వర్. ఆ చీటీని చదవడం అందులోని పాత క్లయింట్ సాఫ్ట్‌వేర్‌కి రాదు. చదవలేనివాడు ఒక్కడున్నా వాడు పాత లెక్క ప్రకారం తప్పు డిస్క్ దగ్గరికి పోతాడు. అందుకే ‘క్లయింట్లన్నీ లూమినస్ లేదా కొత్తవి’ అని మనం సెట్టింగ్‌లో చెప్పేదాకా సెఫ్ ఒక్క మినహాయింపు కూడా రాయదు. ఆ సర్వర్‌ని ఎవరూ తాకలేదు, ఎందుకంటే అందులో బిల్లింగ్ నడుస్తోంది. ఎవరి ఆఫీసులో అయినా ఇలాంటి మిషన్ ఒకటుంటుంది. దాని మీద ‘ఆఫ్ చేయవద్దు’ అని స్టిక్కర్ ఉంటుంది. అతికించినవాడు ఉద్యోగం మారి మూడేళ్లయి ఉంటుంది.

బిల్లింగ్‌ని కొత్త సర్వర్‌కి మార్చడానికి రెండు రోజులు. ఆ తర్వాత బ్యాలెన్సర్ నిజంగా కదిలింది. మొత్తం కదిలినవి 240 పీజీలు, 17 టీబీ చిల్లర. అంటే 450 టీబీలో నాలుగు శాతం. అంతే కదిపితే 55కీ 95కీ మధ్య విసిరేసినట్టున్న డిస్కులన్నీ 74కీ 76కీ మధ్యకి వచ్చి కూర్చున్నాయి. డిస్కు కొనలేదు, రూపాయి ఖర్చు కాలేదు.

ఇక్కడ కుర్ర ఇంజినీర్లు ఒక పొరపాటు పడతారు. అసమానత కనిపించగానే ఒకే రాత్రి మొత్తం సర్దేయాలని చూస్తారు. డేటా కదలడం ఊరికే జరగదు. ఒక డిస్క్ చదవాలి, ఇంకోటి రాయాలి, నెట్‌వర్క్ మోయాలి. అదే సమయంలో రేడియాలజిస్ట్ స్కాన్ ఓపెన్ చేస్తే అది కూడా అదే డిస్క్ నుంచి రావాలి. అందుకే బ్యాలెన్సర్ ఒకేసారి 5 శాతం కంటే ఎక్కువ పీజీల్ని చోటు తప్పనివ్వదు. మేం ఇంకొంచెం బిగించి రాత్రి పదకొండు నుంచి అయిదు దాకే నడవనిచ్చాం. అది కూడా సెట్టింగే.

కొత్త ర్యాక్ పెట్టినప్పుడు ఇది ఇంకా అవసరం. తర్వాతి నెలలో వాళ్లు 20 టీబీ డిస్కులు 12 కొన్నారు. పాత 600కి 240 కలిసింది. పెట్టిన మరుక్షణం పుల్లలన్నీ మళ్లీ తీస్తారు, దాదాపు 128 టీబీ కొత్త ర్యాక్‌కి పోవాలని తేలుతుంది. ఆ వరదని ఆపడానికి సెర్న్ ఇంజినీర్లు ఒక చిన్న స్క్రిప్ట్ రాసి అందరికీ ఇచ్చారు. అది చేసే పని భలే ఉంటుంది. కొత్త లెక్క వచ్చిన వెంటనే ‘ఎవరూ కదలొద్దు, ఎక్కడున్నవాళ్లు అక్కడే’ అని ప్రతి పీజీకి ఒక మినహాయింపు రాసేస్తుంది. క్లస్టర్ అంతా సర్దుకున్నట్టే పచ్చగా కనిపిస్తుంది. ఆ తర్వాత బ్యాలెన్సర్ వచ్చి మినహాయింపుల్ని కొన్ని కొన్నిగా తీసేస్తూ పోతుంది. మాకు రెండు వారాల పైనే పట్టింది. పగలు ఒక్క డాక్టర్ కూడా స్లో అని ఫోన్ చేయలేదు.

యార్డు పెద్దదే, హమాలీలు అంతమందే

డిస్కులన్నీ ఇప్పుడు 54 శాతం దగ్గర సమంగా ఉన్నాయి. గ్రాఫు గీత గీసినట్టుంది. అయినా పని అయిపోలేదు, ఎందుకంటే సమంగా నిండటం వేరు, సమంగా కష్టపడటం వేరు.

20 టీబీ డిస్క్‌కి 10 టీబీ డిస్క్ కంటే రెండింతల పీజీలు వస్తాయి. అంటే చదవమని, రాయమని వచ్చే రిక్వెస్టులూ రెండింతలు. లోపల తిరిగే ప్లేటు వేగం మాత్రం అదే, నిమిషానికి 7200 చుట్లు. సెకనుకి అటూ ఇటూ వెతికి తెచ్చే సామర్థ్యం పాత డిస్క్‌ది ఎంతో దీనిదీ దాదాపు అంతే. ఈ ముక్క చెప్పగానే మా చిన్నాయనకి మొదటిసారి మొత్తం అర్థమైంది.

‘‘యార్డు పెద్దది చేసి హమాలీల్ని పెంచకపోతే బళ్లు రోడ్డు దాకా నిలబడ్తాయి గదరా, ఇదేం కొత్త?’’ అన్నాడు.

కొత్తేం కాదు. కానీ డిస్క్ కంపెనీలు ఏటా యార్డునే పెంచుతున్నాయి. 2023లో వచ్చిన ‘రీఫ్’ వెర్షన్‌లో సెఫ్ దీనికి కొంత దారి చూపించింది. మూడు కాపీల్లో చదవడానికి మామూలుగా మొదటి కాపీ ఉన్న డిస్క్ దగ్గరికే వెళ్తారు. ఆ మొదటి కాపీ బాధ్యత ఎవరికి ఎన్నో సమంగా సర్దేది ‘రీడ్ బ్యాలెన్సర్’. డేటా ఒక్క బైటు కూడా కదలదు, బాధ్యత మాత్రమే మారుతుంది. 2024లో వచ్చిన ‘స్క్విడ్’ నుంచి దాన్ని తనంతట తనే నడిచేలా పెట్టుకోవచ్చు. రాయడానికి ఈ కిటుకు పనికిరాదు, రాసేటప్పుడు మూడు కాపీలూ రాయాల్సిందే.

మేం అక్కడ చేసింది ఇంకొకటుంది. ఎక్కువగా తెరిచేవి వారం లోపు స్కాన్లే. వాటిని వేరే పూల్‌లో ఎస్‌ఎస్‌డీల మీద ఉంచి, పాతవి మాత్రమే ఈ పెద్ద డిస్కుల మీదికి పంపుతున్నాం. బిల్లు కొంచెం పెరిగింది. ఫైనాన్స్ వాళ్లు ‘54 శాతమే కదా నిండింది, మళ్లీ ఎస్‌ఎస్‌డీలు ఎందుకు’ అని అడిగారు. వాళ్లకి ఇప్పుడు రెండు గ్రాఫులు పంపుతున్నాం. ఒకటి అన్నిటికంటే నిండిన డిస్క్‌ది, ఇంకొకటి అన్నిటికంటే లేటుగా జవాబిచ్చే డిస్క్‌ది. సగటుది తీసేశాం.